పాత ఇంగ్లండు ఇంటికి నేల టైల్స్: ఏ గదికి ఏ రకం

ఇంగ్లండులో స్థిరపడిన తెలుగువారు కొంటున్న ఇళ్ళలో నూరేళ్ళు దాటినవి ఎన్నో ఉన్నాయి. విక్టోరియా రాణి కాలం 1901తో ముగిసింది. ఆ కాలం చివర్లోను, ఆ తరువాతి పదేళ్ళలోను వీధి పొడవునా గోడకు గోడ ఆనించి కట్టిన టెర్రస్ ఇళ్ళు బర్మింగ్‌హామ్‌లో, రెడింగ్‌లో, తూర్పు లండన్‌లో ఇప్పటికీ వరుసలు వరుసలుగా నిలిచి ఉన్నాయి. అలాంటి ఇల్లు కొన్నవారికి తాళం చేతికి వచ్చిన రోజునే కంటికి ఆనేది నేల. ముందు గదిలో వెలిసిన కార్పెట్, వంటింట్లో అంచులు లేచిన వినైల్ చూడగానే దీన్నంతా తీసేసి మన ఊళ్ళోలాగా చక్కగా టైల్స్ వేయిద్దాం అనిపిస్తుంది. మేమూ అలాగే అనుకున్నాం. మూడు వారాల పాటు శనివారాలన్నీ షోరూముల్లో గడిపి, రంగు, పరిమాణం, మెరుపు అన్నీ నిర్ణయించుకున్నాక వచ్చిన మేస్త్రీ అడిగిన మొదటి ప్రశ్న, "కింద చెక్కా, గచ్చా?" అని. మాకు తెలియదు. కొనవలసిన టైలును సగం నిర్ణయించేది ఆ ప్రశ్నకు జవాబే కాబట్టి, ఈ పోలికను అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ముందుగా కింద ఉన్న నేల

ఈ ఇళ్ళలో సాధారణంగా రెండు రకాల నేలలు ఒకే కప్పు కింద ఉంటాయి. ముందు గదుల్లో మట్టికి కొంత ఎత్తున చిన్న ఇటుక గోడల మీద దూలాలు పరిచి, వాటి మీద చెక్కపలకలు కొట్టి ఉంటారు. ఆ చెక్క కుళ్ళకుండా ఉండటానికి బయటి గోడ అడుగున చిల్లుల ఇటుకలు పెట్టి, కింద గాలి ఆడేలా చేసి ఉంటారు. వెనక వంటింట్లో మాత్రం మట్టి మీదో, బొగ్గు బూడిద మీదో నేరుగా ఎర్రటి క్వారీ టైల్స్ (పూత లేని కాల్చిన మట్టి పలకలు) పరిచి ఉండవచ్చు; దాని కింద చెమ్మను ఆపే ప్లాస్టిక్ పొర ఏదీ ఉండదు. మడమతో గట్టిగా తన్ని చూస్తే బోలుగా మోగేది చెక్క, మోగనిది గచ్చు.

చెక్క నేల అయితే ఒక మూల కార్పెట్ ఎత్తి, ఒక పలక ఊడదీసి, టార్చి వేసి దూలాలను చూడండి. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచినప్పుడు అది మెత్తగా దిగితే, టైల్స్ మాట పక్కన పెట్టి ముందు వడ్రంగిని పిలవాలి. తరువాతి పరీక్షకు ఒక గాజు గ్లాసు చాలు. దాన్ని అంచు దాకా నీళ్ళతో నింపి గది మధ్యలో నేల మీద పెట్టి, ఇంకొకరిని పక్కగా నడవమనండి. నీటి మీద అలలు లేచి అంచు దాటి ఒలికితే, ఆ నేల మనిషి బరువుకు ఊగుతోందని అర్థం. కార్పెట్ ఆ ఊపును సహిస్తుంది. టైలు సహించదు, మొదట టైల్స్ సందుల్లో నింపిన గ్రౌటు పొడిపొడిగా రాలుతుంది, తరువాత కీళ్ళు తెరుచుకుంటాయి, చివరికి టైలే చీలుతుంది.

గచ్చు నేల అయితే భయం చెమ్మ గురించి. శతాబ్దం పైగా ఆ మట్టిలోని తేమ క్వారీ టైల్స్ సందుల గుండా కొద్దికొద్దిగా ఆరిపోతూ వచ్చింది. దాని మీద నీరు పీల్చని పోర్సిలిన్‌నో, వినైల్‌నో పరిచి మూసేస్తే ఆ తేమకు దారి ఉండదు, పక్కనున్న గోడల్లోకి ఎక్కుతుంది. వంటిల్లు బాగుచేసిన రెండేళ్ళకు గోడ అడుగున సున్నం పెచ్చులూడుతుంటే చాలామంది గోడను నిందిస్తారు. దీనికి సరైన మందు పాత నేలను తవ్వి, చెమ్మ పొర, వేడిని ఆపే పలకలు, కొత్త కాంక్రీటు వేయించడం, లేదా సున్నపు కాంక్రీటు పోయించి నేలను ఊపిరి పీల్చుకోనివ్వడం. రెండూ పెద్ద పనులే. తవ్వే పనికి స్థానిక బిల్డింగ్ కంట్రోల్ విభాగంతో ముందే మాట్లాడండి, ఎందుకంటే నేలను కొత్తగా వేసేటప్పుడు చలి నుంచి రక్షణ కూడా ఇప్పటి నిబంధనల స్థాయికి తేవలసి రావచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరికను వదిలి ముందుకు వెళ్ళలేను. కార్పెట్ కింద తొమ్మిది అంగుళాల చదరపు పాత ప్లాస్టిక్ టైల్స్, వాటి కింద తారు లాంటి నల్లటి జిగురు కనిపిస్తే అక్కడే చెయ్యి ఆపండి. 1950 తరువాతి దశకాల్లో వేసిన ఇలాంటి టైల్స్‌లో, జిగురులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. బ్రిటన్‌లో ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించింది 1999లోనే. గీకవద్దు, గ్రైండర్ పెట్టవద్దు, ఊడ్చవద్దు. ప్రయోగశాలకు నమూనా పంపించి పరీక్ష చేయించాకే తరువాతి అడుగు వేయాలి. ఇంట్లో పాకే పిల్లలు ఉన్నవారు ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవాలని కోరుకుంటున్నాను.

దేన్ని బట్టి పోల్చాలి

చెక్క నేల మీద బరువు గురించి అందరూ భయపడతారు. ఇళ్ళ నేలలను సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 150 కిలోల వాడుక బరువుకు లెక్కగడతారు. టైలు బరువు దానికి అదనం. ఆరోగ్యంగా ఉన్న దూలాలు పోర్సిలిన్‌ను మోయగలవు. టైల్స్‌ను చెడగొట్టేది బరువు కన్నా ఊపు, ఎగుడుదిగుడు. రెండు మీటర్ల తిన్నని బద్దను నేల మీద పెట్టినప్పుడు దాని కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదన్నది ఇక్కడి పనివారు పాటించే కొలత. టైలు ఎంత పెద్దదైతే ఈ కొలత అంత కచ్చితంగా ఉండాలి.

రెండోది జారుడు. కంపెనీ పత్రాల్లో ఆర్9, ఆర్10, ఆర్11 అని కనిపించే అంకెలు (అంకె పెరిగితే జారుడు తక్కువ) బూట్లు వేసుకుని, నూనె పూసిన ఏటవాలు పలక మీద నడిచి తేల్చినవి. మన ఇళ్ళలో గుమ్మం దాటగానే చెప్పులు విడుస్తాం. కాబట్టి స్నానాల గదికి వట్టికాళ్ళ పరీక్షలో ఎ, బి, సి తరగతుల్లో బి వచ్చినదాన్ని అడగండి. బ్రిటన్‌లో ఎక్కువగా చూసే ఇంకో అంకె లోలకపు పరీక్ష విలువ. తడిమీద అది 36, ఆ పైన ఉంటే జారే ప్రమాదం తక్కువ అని లెక్క.

మూడోది చలి. జనవరి ఉదయం టైల్స్ మీద వట్టికాళ్ళు పెట్టినవారికి దీని గురించి చెప్పనక్కరలేదు. పింగాణీ అయినా, రాయి అయినా చల్లదనంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కింద వేడినిచ్చే తీగల చాప వేయించదలిస్తే అది టైల్స్ వేయక ముందే నిర్ణయం కావాలి; చెక్క నేల మీద సాధారణంగా చదరపు మీటరుకు 150 వాట్ల చాప వాడతారు.

నాలుగోది మన వంట. పసుపు, చింతపండు, నిమ్మకాయ, మరిగే నూనె ఇక్కడి షోరూము నమూనాలకు పరిచయం లేనివి. నమూనా టైలును ఇంటికి తెచ్చుకుని, పసుపు కలిపిన నూనె ఒక చుక్క, నిమ్మరసం ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేసి పొద్దున్నే కడిగి చూడండి. ఏ అమ్మకందారు మాట కన్నా ఆ రెండు చుక్కల మాట నమ్మదగినది.

చివరిది ఎత్తు. 10 మిల్లీమీటర్ల టైలు, దాని కింద జిగురు, 6 మిల్లీమీటర్ల సిమెంటు పలక, దాని జిగురు అన్నీ కలిపితే నేల దాదాపు 20 మిల్లీమీటర్లు లేస్తుంది. తలుపులు కోయాలి, గడప దగ్గర మెట్టు వస్తుంది. మా వంటింట్లో మేస్త్రీ గిన్నెలు కడిగే యంత్రాన్ని దాని స్థానంలోనే ఉంచి, ముందు భాగం వరకే టైల్స్ వేసి వెళ్ళాడు. పద్నాలుగు నెలల తరువాత పంపు చెడిపోతే యంత్రం బయటికి రాలేదు. కాళ్ళు పూర్తిగా దించినా కొత్త టైలు అంచు అడ్డుపడింది, చివరికి రాతి గట్టును పైకెత్తవలసి వచ్చింది. యంత్రాలన్నీ బయట పెట్టించి, గోడ దాకా టైల్స్ వేయించండి.

| రకం | చ.మీ. బరువు (సుమారు) | నీరు, మరకలు | చెక్క నేల మీద | మొత్తం ఖర్చు |
|---|---|---|---|---|
| సిరామిక్, 8–9 మి.మీ. | 16–18 కిలోలు | పై పూత ఉన్నంత వరకు బాగుంటుంది | సిమెంటు పలక పరిచి వేయవచ్చు | తక్కువ |
| పోర్సిలిన్, 10 మి.మీ. | 23 కిలోలు | చాలా బాగుంటుంది | సిమెంటు పలక, సాగే జిగురు తప్పనిసరి | మధ్యస్థం |
| సున్నపురాయి, 15 మి.మీ. | 39 కిలోలు | పులుపు పడితే మచ్చ | నేలను బిగించాకే | ఎక్కువ |
| రంగుల సిమెంటు టైల్, 18 మి.మీ. | 36–40 కిలోలు | సీలు (రక్షణ పూత) చేయకపోతే మరక | నేలను బిగించాకే | ఎక్కువ |
| విక్టోరియా తరహా చిన్న టైల్స్, 9–10 మి.మీ. | 20–22 కిలోలు | బాగుంటుంది | సిమెంటు పలక, సాగే జిగురు తప్పనిసరి | చాలా ఎక్కువ, కూలి వల్ల |
| వినైల్ టైల్ (ఎల్‌విటి), 2.5 మి.మీ. | 4–5 కిలోలు | బాగుంటుంది | సులువు | తక్కువ నుంచి మధ్యస్థం |

పోర్సిలిన్, సిరామిక్

మన దగ్గర విట్రిఫైడ్ టైల్స్ అని అమ్మేవే ఇక్కడ పోర్సిలిన్ పేరుతో ఉంటాయి. నీటిని తన బరువులో 0.5 శాతానికి మించి పీల్చనిదాన్నే పోర్సిలిన్ అంటారు. ఇక్కడి దుకాణాల్లో ఇటలీ, స్పెయిన్ సరుకు పక్కనే గుజరాత్‌లోని మోర్బీలో తయారైనవీ దొరుకుతాయి. హైదరాబాదులో మీ అన్నయ్య ఇంట్లో వేసిన రకమే ఇక్కడ ఇంకో పేరుతో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. వంటింటికి, పిల్లలున్న ఇంటికి, తడిబట్ట పెట్టి రోజూ తుడిచే అలవాటున్నవారికి నా మొదటి ఓటు దీనికే.

అయితే రెండు జాగ్రత్తలు. అద్దంలా మెరిసే పాలిష్ పోర్సిలిన్‌ను వంటింట్లో వేయవద్దు. తడిస్తే జారుతుంది, పై పూత లేకుండా పాలిష్ పట్టిన రకాల్లో కంటికి కనబడని సన్నటి రంధ్రాలు తెరుచుకుని పసుపు దిగే వీలుంది. రెండోది పరిమాణం. 600×1200 మిల్లీమీటర్ల పలకలు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి, కానీ నూరేళ్ళ నాటి నేల మీద అంత పొడవైన పలక ఒక చివర ఆనితే ఇంకో చివర లేస్తుంది. మీటరు వెడల్పు కూడా లేని నడవాలో అయితే ముక్కలు కోయడానికే సరిపోతుంది. 300×600గానీ, 450 చదరపుగానీ పాత నేలలతో చక్కగా సర్దుకుంటాయి. సిరామిక్ చవక, కోయడం తేలిక. పై పూత పెచ్చు లేచినప్పుడు మాత్రం లోపలి ఎర్రమన్నో తెల్లమన్నో బయటపడి కంటికి గుచ్చుకుంటుంది. జనసంచారం తక్కువగా ఉండే చిన్న మరుగుదొడ్డికి అది చాలు.

చెక్క మీద వేసేటప్పుడు పైనున్న పలకల మీద నేరుగా వేయమని చెప్పే మేస్త్రీని వదులుకోండి. ఊగే పలకలను బిగించి, సిమెంటు పలకను జిగురుతోను, స్క్రూలతోను పట్టించి, ఎస్1 గాని ఎస్2 గాని అని రాసి ఉన్న సాగే జిగురు వాడాలి. ప్లైవుడ్ మీద నేరుగా టైల్స్ అంటించడం ఒకప్పుడు మామూలే. ఇప్పుడు దాన్ని మంచి పద్ధతిగా ఎవరూ లెక్కించడం లేదు. టైల్స్ మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల సందు, గోడల వెంట సన్నటి ఖాళీ ఉండాలి. గ్రౌటు తెల్లదనం మీద మమకారం పెంచుకోవద్దు. పసుపు ముందుగా పట్టుకునేది దాన్నే. వంటింటికి బూడిద రంగు ఎపాక్సీ గ్రౌటు ఖరీదైనదే, పని కూడా కష్టమే, అయినా మళ్ళీ వేయించవలసి వస్తే నేను అదే వేయిస్తాను.

రాయి

కడప బండల మీద, తాండూరు నాపరాళ్ళ మీద ఆడుకుంటూ పెరిగినవారికి రాయి అంటే ఉండే ప్రేమను నేను అర్థం చేసుకోగలను. ఇక్కడి తోటల్లో పరిచే నల్ల సున్నపురాళ్ళలో మన కడప రాయి కూడా ఉంది. కానీ మన ఊళ్ళో ఆ బండ మందంగా, మట్టి మీద ఇసుకా సున్నమూ పోసి పరిచినది. ఊగడానికి దానికి అవకాశమే లేదు. ఇక్కడ చెక్క దూలాల మీద 15 మిల్లీమీటర్ల సున్నపురాయి పరవాలంటే నేలను మరింత గట్టి చేయాలి. పైగా సున్నపురాయి, చలువరాయి రెండింటినీ పులుపు తినేస్తుంది. నిమ్మరసం పడిన చోట మెరుపు పోయి ఏర్పడే తెల్లని మచ్చ మరక కాదు, రాయి కరిగిన గుర్తు. పైన ఎంత మంచి సీలరు పూసినా అది ఆగదు. వంటింట్లో రాయే కావాలనుకుంటే వేల్స్ ప్రాంతపు పలకరాయి చూడండి. పులుపును అది ఎంతో బాగా తట్టుకుంటుంది, ముదురు రంగు కాబట్టి నూనె జిడ్డు కూడా అంతగా కనబడదు.

ముందు నడవాలో పాత టైల్స్ ఉంటే

వీటి గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే తెలియక జరిగే నష్టాల్లో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. ఎన్నో విక్టోరియా ఇళ్ళ నడవాల్లో కార్పెట్ కింద ఎరుపు, నలుపు, లేత పసుపు రంగుల చిన్న చిన్న చదరాలు, త్రికోణాలతో ముగ్గు పెట్టినట్లున్న నేల దాగి ఉంటుంది. స్టోక్-ఆన్-ట్రెంట్‌లోని మింటన్, ష్రాప్‌షైర్‌లోని జాక్‌ఫీల్డ్‌లో మా అండ్ కంపెనీ వంటివారు ఇలాంటి టైల్స్‌ను తయారుచేసి దేశమంతా పంపారు. బ్రిటన్ పార్లమెంటు భవనంలో పరిచిన మింటన్ టైల్స్ ఆ పరిశ్రమ ఎంత పైకి ఎదిగిందో చూపిస్తాయి. వీటి రంగు పైపూత కాదు, మన్నులోనే కలిసి కాలినది. అందుకే నూరేళ్ళ అడుగులు తొక్కినా నమూనా చెరగలేదు.

ఇలాంటి నేల బయటపడితే, నాలుగైదు ముక్కలు పగిలి ఉన్నా, దయచేసి పగలగొట్టించవద్దు. మైల తీసే ద్రావణంతో నెమ్మదిగా కడిగించి, విరిగిన చోట్ల ఇప్పటికీ తయారవుతున్న కొత్త ముక్కలను పొదిగించవచ్చు. ఆమ్లంతో కడగడం మాత్రం వద్దు. ఇల్లు వారసత్వ కట్టడాల జాబితాలో ఉంటే ఇలాంటి నేలను తీయడానికి ముందు అనుమతి కూడా కావాలి.

పాత టైల్స్ లేని నడవాలో అదే అందం కావాలనుకునేవారికి దుకాణంలో ఎన్‌కాస్టిక్ అనే ఒకే పేరుతో రెండు వేరు వేరు వస్తువులు ఎదురవుతాయి. ఒకటి పైన చెప్పిన కాల్చిన మన్ను. రెండోది కాల్చనిది: అచ్చులో రంగు సిమెంటు పోసి యంత్రంతో ఒత్తి ఆరబెట్టినది, మన చెట్టినాడు ఇళ్ళలోని ఆత్తంగుడి టైల్స్‌కు దగ్గరి చుట్టం. చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది, కానీ నీటిని పీలుస్తుంది, పులుపుకు లొంగుతుంది, వేసేముందు ఒకసారి, వేశాక ఒకసారి సీలు చేయాలి. పూజ గదికి, పడకగదికి నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. వర్షంలో తడిసిన బూట్లు వచ్చి పడే ఇంగ్లండు నడవాకు కాల్చిన మన్నే సరి. ఖర్చు భరించలేనప్పుడు అదే నమూనాను పోర్సిలిన్ మీద అచ్చువేసినవి తీసుకోవడం ఏమాత్రం తక్కువ పని కాదు.

వినైల్ టైల్ ఎవరికి

ఎల్‌విటి అనే ఈ పలుచని వినైల్ టైల్‌ను తెలుగువాళ్ళు చిన్నచూపు చూడటం తరచుగా విన్నాను. ఊగే చెక్క నేల, తక్కువ బడ్జెట్, మోకాళ్ళ నొప్పులతో ఆరు నెలలు వచ్చి ఉండే అమ్మానాన్న, ఈ మూడింటిలో రెండు ఉన్న ఇంటికి నేను దీన్నే చెబుతాను. కాలికి అంత చలి తగలదు, గిన్నె జారి పడితే పగలదు, నేల ఎత్తు పెద్దగా పెరగదు. అయితే అడుగున 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరిచి, కీళ్ళన్నీ నునుపు చేయకపోతే కింద ఉన్న ప్రతి మేకు తల కొన్నాళ్ళకు పైన కనబడుతుంది. చెమ్మ ఉన్న గచ్చు మీద ఇది వద్దు. నేల తేమ కొలత (సాపేక్ష ఆర్ద్రత) 75 శాతం దాటితే జిగురు పట్టు వదులుతుంది. కింద వేడి చాప ఉంటే పైభాగం 27 డిగ్రీలు దాటకుండా చూడాలి. వేడి మూకుడు నేల మీద దించే అలవాటు ఉన్న ఇంట్లో వంటింటికి పనికిరాదు.

మేడ మీది స్నానాల గది

బకెట్టు, చెంబు పెట్టుకుని నేలంతా తడుపుతూ స్నానం చేసే అలవాటు మనది. ఇక్కడి స్నానాల గది నేలలో నీరు పోవడానికి తూము ఉండదు, కింద ఉన్నది చెక్క, దాని కింద ముందు గది కప్పు. టైలు నీటిని ఆపినా గ్రౌటు పూర్తిగా ఆపదు. మన పద్ధతే కావాలనుకుంటే గది మొత్తం నేలకూ, గోడల అడుగుకూ నీరు దిగని పొర వేయించి, వాలు పెట్టిన పలక, తూముతో తడిగదిగా కట్టించాలి. అది ఖర్చుతో కూడిన పని. అంత ఖర్చు వద్దనుకుంటే షవర్ ట్రే లోపలే స్నానం అని ఇంట్లో అందరూ ఒప్పుకోవడం తప్ప వేరే దారి లేదు. ఏ టైలు కొన్నా ఈ తేడా తీరదు. తడిగదికి చిన్న మోజాయిక్ ముక్కలు మేలు: వాలుకు వంగుతాయి, సందులు ఎక్కువ కాబట్టి పాదం జారదు.

కొనేటప్పుడు

4.2 మీటర్ల పొడవు, 3.1 మీటర్ల వెడల్పు వంటింటిని లెక్క వేద్దాం. విస్తీర్ణం 13.02 చదరపు మీటర్లు, కోత నష్టానికి 10 శాతం కలిపితే 14.3. నాలుగేసి 600×600 టైల్స్ ఉన్న పెట్టెలో 1.44 చదరపు మీటర్లు వస్తాయి. అంటే పది పెట్టెలు, దాచుకోవడానికి ఇంకొకటి, మొత్తం పదకొండు. ఏటవాలుగానో, చేపముల్లు వరుసలోనో వేయిస్తే నష్టం 15 శాతం పట్టుకోండి. అన్ని పెట్టెల మీదా బ్యాచ్, షేడ్ సంఖ్యలు ఒకటేనా అని సరుకు దించిన రోజే చూడాలి. వీ1 నుంచి వీ4 దాకా ఉండే గుర్తు ఒక టైలుకూ ఇంకో టైలుకూ మధ్య రంగు తేడాను చెబుతుంది. తేడా అన్నిటికన్నా ఎక్కువ ఉండే వీ4 అయితే మూడు నాలుగు పెట్టెలు విప్పి కలిపి పరవమని మేస్త్రీకి చెప్పాలి.

ధర చూసేటప్పుడు వ్యాట్ కలిపారో లేదో అడగండి. కాంట్రాక్టర్లకు అమ్మే చోట 20 శాతం వ్యాట్ వేయకుండా ధర చెప్పడం మామూలు. మీరు కొన్న ఇల్లు కొనే ముందు రెండేళ్ళకు పైగా ఖాళీగా పడి ఉంటే, సరుకూ పనీ రెండూ వ్యాట్ నమోదు ఉన్న కాంట్రాక్టరే చేసినప్పుడు 5 శాతం వ్యాట్ వర్తించే అవకాశం ఉంది. మీరే విడిగా కొన్న టైల్స్‌కు అది వర్తించదు. ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని చేతికి అందిన 14 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు ఉంది. దుకాణంలో నచ్చి కొన్నదానికి ఆ హక్కు చట్టం ఇవ్వదు, సరుకులో లోపం ఉంటే మాత్రం 30 రోజుల్లోపు తిప్పి పంపవచ్చు. ఒకసారి అంటించాక రంగు తేడా గురించి ఫిర్యాదు చేస్తే ఎవరూ వినరు.

లారీ సరుకును రోడ్డు పక్కన దించి వెళ్ళిపోతుంది. లోపలికి మోసేది మనమే. పైన లెక్కవేసిన ఒక్కో పెట్టె దాదాపు 33 కిలోలు, పదకొండు కలిపితే 360 కిలోలు దాటుతుంది. వాటన్నిటినీ చెక్క నేల ఉన్న గది మధ్యలో ఒకే దొంతిగా పేర్చకుండా, గోడల వెంట రెండేసి చొప్పున సర్దండి. పని అయ్యాక మిగిలిన పెట్టెను మెట్ల కింద పెట్టి, దాని మీద గ్రౌటు రంగు పేరు, జిగురు రకం, వేయించిన తేదీ మార్కరుతో రాసి ఉంచండి.